గింజ పైపొరలో ఏమున్నది? – మా పిండి యూనిట్ నేర్చుకున్న పాఠం

(సమాఖ్య వార్షిక మహాసభలో, బోధన్ ప్రాంతంలోని ఒక సంఘం తరఫున ఆ సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాది ఈ సభలో సంఘాలు వచ్చి ఎంత పొదుపు చేసినం, ఎంత లోను తీసుకున్నం, ఎంత కట్టినం అని చెప్తయి. మా సంఘం లెక్కలు ఈ పుస్తకంలోనే వేరే పేజీలో ఉన్నయి. ఈసారి మమ్మల్ని "జొన్నలు, తైదలు వంటి ధాన్యాల్లో ఉండే యాంటీఆక్సిడెంట్లు" అనే విషయం మీద మాట్లాడమన్నరు. మాలో ఎక్కువ చదివినోళ్లది పదో తరగతి. మేము డాక్టర్లం కాదు, సైంటిస్టులం కాదు. అయినా ఎందుకు ఒప్పుకున్నమంటే, ఆ మాటను మేము మా ప్యాకెట్ల మీద అచ్చు వేయించి అమ్మినం. అచ్చు వేయించిన నాడు దాని అర్థం మాకు తెలువదు. తెలువక రెండు తప్పులు చేసినం. ముందు ఆ తప్పులు చెప్తం. తర్వాత ఏం నేర్చుకున్నమో చెప్తం.

మా మొదటి తప్పు

మేము పది మంది సభ్యులం. బ్యాంకు లింకేజీ లోనుతో పిండి యంత్రం కొన్నం. జొన్నపిండి, మొలకెత్తిన తైదల జావ పొడి చేసి, ప్యాకెట్లు కట్టి, నిజామాబాదు పట్టణంలో స్టాళ్లు పెట్టి అమ్మడం మొదలుపెట్టినం. మొదట్లో జొన్నలు చెరిగి, రాళ్లు ఏరి, ఉన్నదున్నట్టే పట్టించినం. పిండి కొంచెం ముదురు రంగులో ఉండేది. పట్టణంలో కొనేటోళ్లు ముట్టి చూసి, "పిండి నల్లగున్నదమ్మా, రొట్టె తెల్లగ రావాలె" అని పక్కన పెట్టేటోళ్లు.

అమ్మకం లేకుంటే కిస్తు ఎట్ల కట్టాలె? అందుకని జొన్నలకు పాలిష్ పట్టించినం. పట్టిన పిండిని సన్న జల్లెడతో మళ్లీ జల్లించినం. పిండి తెల్లగైంది, అమ్మకం పెరిగింది. మిగిలిన పొట్టు బర్రెలున్నోళ్లకు దాణాకింద అమ్మినం. అదే సమయంలో ప్యాకెట్ కొత్తగా అచ్చు వేయిస్తుంటే, ఎవరిదో వేరే ప్యాకెట్ చూసి "యాంటీఆక్సిడెంట్లు పుష్కలం" అని మా దాని మీద కూడ రాయించినం. 

తర్వాత ఒక శిక్షణకు పోయినం. అక్కడ చెప్పే మేడం మా ప్యాకెట్ తీసుకొని చదివి, పిండి చేతిల పోసుకొని చూసి, "పొట్టు ఏం చేస్తున్నరు?" అని అడిగింది.

"బర్రెలకు అమ్ముతున్నం మేడం."

"అయితే మీ ప్యాకెట్ మీద రాసినదాన్ని బర్రెలు తింటున్నయి" అన్నది.

అందరు నవ్విండ్రు. మేము కూడ నవ్వినం గాని, బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఎవ్వరికి మాట రాలేదు.

మా రెండో తప్పు

ఇది నవ్వే విషయం కాదు. వేరే సంఘం అక్క ఒకామె మా దగ్గర జావ పొడి కొనేది. ఆమెకు షుగర్ ఉన్నది. "ఇది తాగితే షుగర్ తగ్గుతదా?" అని అడిగితే, మాలో ఒకరు కాదు, ఇద్దరు ముగ్గురం "యాంటీఆక్సిడెంట్లు ఉన్నయి అక్కా, మంచిగ కంట్రోల్ అయితది" అన్నం. అమ్ముడు పోవాలని అన్నం. నమ్మి కూడ అన్నం. ఆమె రెండు పూటలా జావ తాగుకుంట గోలీలు బంద్ చేసింది. కొన్నాళ్లకు కాలికి చిన్న గాయమైంది, మానలేదు. ఆస్పత్రిలో చేర్చుకొని చాలా రోజులు ఉంచుకున్నరు. కాలు దక్కింది. కాని ఆమె బంగారం కుదువకు పోయింది. చూడనీకి పోయినప్పుడు ఆమె మమ్మల్ని తిట్టలేదు. "మీరు చెప్తేనే గదా నేను బంద్ చేసిన" అని మాత్రం అన్నది. ఈ సంగతి పేరు లేకుండ సభలో చెప్పమని ఆమెనే మాకు ఒప్పుదల ఇచ్చింది.

కాబట్టి ఈ విషయం మాకు పుస్తకాల విషయం కాదు. ఒక మాట అర్థం తెలియకుండ అచ్చు వేస్తే ఏమైతదో చూసినం. ఆ తర్వాతనే శిక్షణల్లో అడిగి, చదివి, ఆ మాట లోపల ఏమున్నదో తెలుసుకున్నం.

గింజలో మూడు భాగాలు

ఏ గింజ తీసుకున్నా, వరి గాని, జొన్న గాని, గోధుమ గాని, మక్క గాని, మూడు భాగాలుంటయి. పైన పొరలు, అంటే మనం తవుడు, పొట్టు అనేది. మొదట్లో చిన్నగా మొలకెత్తే భాగం. మిగిలిన పెద్ద భాగమంతా పిండి. మనకు శక్తినిచ్చేది ఎక్కువగా ఆ పిండి. పీచు, ఇనుము, బి విటమిన్లు, ఇంకా ఈ రోజు మనం మాట్లాడుకునే ఫినోలిక్ పదార్థాలు ఎక్కువగా పైపొరల్లోనే ఉంటయి.

ఫినోలిక్ అనే పేరు కొత్తగానీ, దాని రుచి మనకు కొత్త కాదు. నేరేడు పండు తింటే నాలుక పట్టేసినట్టు అయితది గదా, ఆ ఒగరు. పచ్చి మామిడి పిందెలో ఒగరు, చాయ్‌పత్తా ఎక్కువ మరిగితే వచ్చే ఒగరు. ఇవి టానిన్లు అనే ఫినోలిక్ పదార్థాల వల్ల వచ్చేవి. రంగు కూడ చాలాసార్లు వీటిదే. ఎర్రజొన్న ఎరుపు, తైదల గోధుమరంగు, నల్లబియ్యం నలుపు ఈ జాతి పదార్థాల వల్ల వచ్చినవే. మన నిజామాబాదు పసుపులో పచ్చదనం ఇచ్చే కుర్కుమిన్ కూడ ఫినోలిక్ పదార్థమే. 

గింజ దీన్ని మన కోసం తయారు చేసుకోదు, తన కోసం చేసుకుంటది. పురుగు, బూజు, పిట్ట నుంచి కాపాడుకోవడానికి చేసుకుంటది. టానిన్లు ఎక్కువున్న ముదురు రంగు జొన్న చేనును పిట్టలు అంతగా ముట్టవు, ఒగరుంటది కాబట్టి. కోతకు వచ్చినప్పుడు వాన పడితే తెల్లజొన్న కంకి తొందరగా బూజు పట్టి నల్లబడతది, రంగు జొన్న కొంచెం ఎక్కువ ఓర్చుకుంటది. ఇది మన పెద్దోళ్లందరికి తెలిసిందే. కారణం పైపొరలో ఉన్నదని మాత్రం మనకు ఎవరూ చెప్పలేదు.

యాంటీఆక్సిడెంటు అంటే ఏమిటి?

ఇప్పుడు రెండో మాట. వంకాయ కోసి నీళ్లలో వేయకుండ వదిలేస్తే నల్లబడతది. చెరుకు రసం తీసి గిన్నెలో పెడితే కాసేపటికే రంగు మారుతది. ఇది మన చెరుకు సీమలో చిన్నపిల్లలకు కూడ తెలుసు. కోసినప్పుడు, పిండినప్పుడు లోపల ఉన్న ఫినోలిక్ పదార్థాలకు గాలి తగులుతది. గాలిలోని ఆక్సిజన్‌తో అవి కలిసి నల్లబడతయి. అంటే ఆక్సిజన్ దెబ్బను తొందరగా మీద వేసుకునే గుణం వాటికి ఉన్నది.

మన ఒంట్లో కూడ తిన్న అన్నం ఆక్సిజన్‌తో కలిసి శక్తి అయితది. పొయ్యి మండితే నిప్పురవ్వలు లేచినట్టు, ఆ పనిలో కొన్ని నిలకడలేని కణాలు పుడతయి. వాటిని ఫ్రీ రాడికల్స్ అంటరు. పొగ తాగినా, కాలుష్యం ఉన్నా, జబ్బు చేసినా అవి ఎక్కువైతయి. ఆ రవ్వ పక్కనున్న కొవ్వు మీదనో, కణం మీదనో పడి దాన్ని చెడగొడతది. యాంటీఆక్సిడెంటు పదార్థం తనలో ఉన్నదాంట్ల కొంత ఆ రవ్వకు ఇచ్చి చల్లార్చుతది, తాను మాత్రం రవ్వ కాకుండ నిలకడగా ఉంటది. ఫినోలిక్ పదార్థాలకు ఈ గుణం బాగా ఉన్నది. ఇది నిజం, పరీక్షనాళికలో చూసి చెప్పిన విషయం.

ధాన్యాల్లో ఎక్కువగా కనిపించే ఫినోలిక్ పదార్థం పేరు ఫెరూలిక్ ఆమ్లం. ఇది గింజ పొర గోడకు గట్టిగా కట్టేసినట్టు ఉంటది. అందుకని మనం తిన్నప్పుడు దీంట్ల ఎక్కువ భాగం చిన్నపేగుల్లో విడిపోదు. పెద్దపేగు దాక పోయిన తర్వాత అక్కడి మంచి బ్యాక్టీరియా దాన్ని పీచుతో పాటు విడగొడతయి. పండ్లలో ఉండే ఫినోలిక్ పదార్థాలు చాలావరకు విడిగా ఉంటయి, ధాన్యాలవి ఎక్కువ భాగం కట్టుకొని ఉంటయి. అంబలి పులియబెట్టినప్పుడు ఆ కట్టు కొంత వదులైతది.

జొన్నకు ఇంకో ప్రత్యేకత ఉన్నది. రంగు జొన్న పొట్టులో ఉండే కొన్ని ఎర్ర, నారింజ రంగు పదార్థాలు మిగతా ధాన్యాల్లో చాలా అరుదు. తైదలకు ఇంకో మంచి గుణం ఉన్నది. గింజ చిన్నది, పొర గట్టిగా అంటుకొని ఉంటది, బియ్యం లెక్క పాలిష్ పట్టరాదు. అందుకే తైదలను మనం పొట్టుతోనే తింటం. 

తెల్లదనం మీద మోజు మనకు ఎక్కడి నుంచి వచ్చింది?

"నల్లగున్నదమ్మా" అన్న పట్టణపోళ్లను మేము తప్పు పట్టం. మేము కూడ అట్లనే పెరిగినం. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయినంక కాలువ నీళ్లు వచ్చినయి. బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1937లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టిండ్రు. కాలువ కింద చెరుకు వచ్చింది, వరి వచ్చింది. జొన్న చెలకలకు జరిగింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినంక పేదింట్ల కూడ గట్క పోయి తెల్లబువ్వ వచ్చింది. ఆకలి తీర్చిన బియ్యాన్ని మేము చిన్నచూపు చూడం. మా అమ్మలు ఆ బువ్వకు ఎంత సంబరపడ్డరో మాకు చెప్పిండ్రు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డంక చెరుకు తగ్గి, ఆ నేలల్లో వరి ఇంకా పెరిగింది. 2025 ఉగాది నుంచి రేషన్ షాపులో సన్నబియ్యమే ఇస్తున్నరు.

ఫ్యాక్టరీలో చెరుకు రసాన్ని సున్నంతో, గంధకం పొగతో తేటచేసి, రంగంతా తీసేసి తెల్ల చక్కెర చేస్తరు. మిల్లులో బియ్యం పైపొర తీసేసి తెల్లగ చేస్తరు. రెండు చోట్ల మన కండ్లకు ఒకటే పాఠం నేర్పినయి, తెల్లగుంటే శుభ్రం, తెల్లగుంటే గొప్ప అని. రంగుతో పాటు ఏం పోయిందో ఎవరూ లెక్క చెప్పలేదు. అయితే ఒక మాట, బెల్లంలో రంగు మిగిలింది గదా, షుగర్ ఉన్నోళ్లు తినొచ్చు అని కొందరంటరు. అది తప్పు. బెల్లంలో కొన్ని ఫినోలిక్ పదార్థాలు మిగులుతయి గాని, దాంట్ల ఎక్కువ భాగం చక్కెరనే.

ఇంకో వింత మన జిల్లాలోనే ఉన్నది. ఆర్మూర్, బాల్కొండ వైపు ఎర్రజొన్న బాగా పండిస్తరు. అది తినేందుకు కాదు, విత్తనం కోసం. ఉత్తర రాష్ట్రాలకు పోయి పశువుల మేతకింద మొలుస్తది. దాని ధర కోసం, పసుపు ధర కోసం రైతులు రోడ్డెక్కిండ్రు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో మన నియోజకవర్గం నుంచి 170 మందికి పైగా రైతులు పోటీ చేసింది అందుకే. అంత జొన్న పండే జిల్లాలో జొన్నరొట్టె తినే ఇండ్లు తగ్గినయి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలె. విత్తనం కోసం మందు పట్టించిన గింజను ఎప్పుడూ పిండి పట్టియ్యకండి, కోళ్లకు కూడ వేయకండి. తినే జొన్న వేరే, విత్తనపు జొన్న వేరే.

ఎంతవరకు చెప్పొచ్చు, ఎక్కడ ఆగాలె?

ఇక మా రెండో తప్పుకు వస్తం. పరీక్షనాళికలో రవ్వను చల్లార్చిందంటే, తిన్న మనిషి జబ్బు నయం చేసిందని కాదు. నడుమల చాలా మెట్లున్నయి. అది పేగుల్లో విడిపోవాలె, రక్తంలోకి చేరాలె, చేరేటప్పుడు దాని రూపం మారుతది, చేరేది కొంచెమే. ఈ పొరపాటు మేమొక్కలమే చేయలేదు. అమెరికా వ్యవసాయ శాఖ ఏ ఆహారంలో యాంటీఆక్సిడెంటు బలం ఎంతో అంకెలతో ఒక పట్టిక పెట్టేది. కంపెనీలు ఆ అంకెలు చూపించి సరుకు అమ్ముకోవడం మొదలుపెట్టినయి. 2012లో ఆ శాఖనే ఆ పట్టికను తీసేసింది. ఆ అంకెలకు, మనిషి ఆరోగ్యానికి నేరుగా సంబంధం లేదని, వాటిని తప్పుగా వాడుకుంటున్నరని చెప్పింది. అంత పెద్ద దేశంలో చదువుకున్నోళ్లు చేసిన తప్పును మేము బోధన్‌లో స్టాల్ దగ్గర చేసినం.

మరి ముడి ధాన్యం తింటే లాభం లేదా? ఉన్నది. పొట్టు తీయని ధాన్యం అలవాటుగా తినేవాళ్లలో గుండె జబ్బు, షుగర్ వచ్చే అవకాశం తక్కువగా కనిపిస్తున్నదని ఎన్నో దేశాల్లో చూసిండ్రు. కాని ఆ మేలు ఒక్క ఫినోలిక్ పదార్థాలది అని విడదీసి చెప్పరాదు. పీచు, ఖనిజాలు, విటమిన్లు, మెల్లగ అరిగే గుణం, అన్నీ కలిసి చేసే పని అది. రానీయకుండ చూసుకునేందుకు అది తోడు. వచ్చిన జబ్బుకు మందు కాదు. జొన్నరొట్టె కూడ నాలుగైదు తింటే షుగర్ పెరుగుతది. గోలీ గోలీనే, రొట్టె రొట్టెనే.

చట్టం కూడ ఇదే చెప్తది. మా ప్యాకెట్ మీద ఆహార భద్రత నంబర్ ఉన్నది. 2006 ఆహార భద్రత చట్టం కింద, ఆహారం జబ్బు నయం చేస్తదని రాసినా, మోసపుచ్చే ప్రకటన చేసినా 10 లక్షల రూపాయల దాక జరిమానా పడొచ్చు. ఆ సొమ్ము పది మంది ఇండ్లు అమ్మినా మాకు పుట్టదు. కాని మాకు జరిమానా భయం కంటే ఆస్పత్రి మంచం మీద అక్క అన్న మాటనే ఎక్కువ గుర్తున్నది.

ఆడోళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి

ఒగరు గురించి ఇంకో మాట మిగిలింది. నేరేడు పండు తిన్నప్పుడు నాలుక పట్టేసేది ఎందుకంటే, టానిన్లు నోట్ల ఉమ్మిలోని ప్రోటీన్‌ను పట్టుకుంటయి. అదే టానిన్లు కడుపులో ఇనుమును కూడ పట్టుకొని ఒంటికి చేరనియ్యవు. ధాన్యం పొట్టులో ఉండే ఫైటేట్ అనే పదార్థం కూడ ఇదే పని చేస్తది. అంటే మంచిదనుకున్న పైపొరకు ఈ రెండో మొఖం కూడ ఉన్నది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఐదో విడత ప్రకారం మన తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. ఈ హాల్లో కూర్చున్నోళ్లలో సగం మందికి పైగా అన్నట్టు. అందుకని "పొట్టుతో తినండి" అని చెప్పి ఊరుకుంటే సగం మాటనే చెప్పినట్టు. ఎట్ల తినాలెనో కూడ చెప్పాలె. మా పెద్దమ్మలు చేసిన పద్ధతులే దీనికి జవాబు.

తైదలను రాత్రంతా నానబెట్టి, బట్టల కట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగ వేయించి పట్టిస్తే టానిన్లు, ఫైటేట్ తగ్గుతయి, ఇనుము, కాల్షియం ఒంటికి ఎక్కువ పడతయి. దాంతో పాటు కొంత యాంటీఆక్సిడెంటు బలం కూడ తగ్గుతది. తగ్గినా పరవాలేదు. బాలింతకు, పసిపిల్లకు, రక్తం తక్కువున్న పడుచుపిల్లకు ముందు ఇనుము, కాల్షియం ముఖ్యం. 100 గ్రాముల తైదల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటది. అదే పాలిష్ బియ్యంలో 10 మిల్లీగ్రాముల దగ్గరే ఉంటది. 

అంబలి ఒక రాత్రి పులియబెట్టి తాగండి. రొట్టెతోని పచ్చి ఉల్లిగడ్డ పెట్టుకొని నిమ్మకాయ పిండుకోండి, ఆకుకూర తినండి. నిమ్మలో ఉండే విటమిన్ సి ఇనుమును ఒంటికి పట్టిస్తది. మన రొట్టె తినుడు పద్ధతి ఊరికే రాలేదు. తిన్న వెంటనే చాయ్ తాగకండి, గంట ఆగండి. చాయ్‌లో కూడ ఇదే ఒగరు ఉన్నది. ఐరన్ గోలీలు చాయ్‌తోని అసలే వేసుకోకండి. మనం రొట్టెలకు వాడే తెల్లజొన్న, పచ్చజొన్నల్లో టానిన్లు చాలా తక్కువ, వాటితోని అంత భయం లేదు. 

మేము ఏం మార్చుకున్నం?

మొదటిది, పాలిష్ బంద్ చేసినం. జొన్నలు కడిగి, ఆరబెట్టి, పొట్టుతోనే పట్టిస్తున్నం. పిండి రంగు పాతదే వచ్చింది, పాత మాట కూడ వచ్చింది, "నల్లగున్నదమ్మా" అని. మొదట్లో అమ్మకం పడిపోయింది. రెండు నెలలు కిస్తు కోసం మా పొదుపులో నుంచి సర్దుకున్నం. ఇప్పుడు స్టాల్ దగ్గర చిన్న పొయ్యి పెట్టి రొట్టె కాల్చి ముక్క చేతిలో పెడుతున్నం. పొట్టు గిన్నెలో చూపించి, "ఇంతకుముందు ఇది తీసేసి అమ్మినం, ఇప్పుడు తీస్తలేం" అని చెప్తున్నం. తిన్నోళ్లు మళ్లీ వస్తున్నరు. పాత అమ్మకం ఇంకా పూర్తిగా రాలేదు. వస్తదని మా నమ్మకం.

రెండోది, పొట్టుతో ఉన్న పిండి ఎక్కువ రోజులు నిలువదు. మొలక భాగంలో నూనె ఉంటది, గాలి తగిలి ముక్క వాసన వస్తది. సజ్జపిండి అయితే కొద్ది రోజులకే చేదెక్కుతది. అందుకని ఒకేసారి పెద్ద నిల్వ పట్టియ్యడం మానేసి, వారం వారం తాజాగా పట్టిస్తున్నం. పట్టిన తారీఖు ప్యాకెట్ మీద పెద్దగా వేస్తున్నం. దుకాణంలో మూలకు పడి ఉండే సరుకు కాదు మాది, అడిగితే తెచ్చిచ్చే సరుకు.

మూడోది, ప్యాకెట్ మీద మాట మార్చినం. ఇప్పుడు ఇట్ల ఉంటది: "పొట్టు తీయని జొన్నపిండి. పాలిష్ పట్టలేదు. ఇది ఆహారం, మందు కాదు. డాక్టర్ ఇచ్చిన మందులు మానకండి." అచ్చు వేసే అతను చూసి, "అక్కా, ఇట్ల రాస్తే ఎవరు కొంటరు?" అన్నడు. ఎవరు కొంటరో మాకు తెలుసు. ఆస్పత్రి నుంచి వచ్చిన ఆ అక్కనే కొత్త ప్యాకెట్ మొదటిది కొన్నది. ఇప్పుడు ఆమె గోలీ వేసుకుంటది, కొలతపెట్టుకొని రొట్టె తింటది, మా స్టాల్ దగ్గర నిలబడి అడిగినోళ్లకు తన సంగతి తానే చెప్తది.

సమాఖ్యకు మా విన్నపాలు

ఒకటి. సంఘాలు తయారు చేసే తినే సరుకు ప్యాకెట్ మీద ఏం రాయాలెనో అచ్చుకు పోకముందే సమాఖ్యలో ఒకసారి చదివి చూసే పద్ధతి పెట్టండి. జిల్లాలో ఆహార భద్రత అధికారులున్నరు. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది, రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉన్నది. అడిగేది నేర్చుకుంటే చెప్పేటోళ్లు దగ్గరలోనే ఉన్నరు.

రెండు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో సంఘాల అక్కలు పాతపంటల విత్తనాలు దాచుకొని, పండించి, తింటున్నరు. వాళ్ల సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ అవార్డు వచ్చింది. మన సభ్యులను ఒకసారి అక్కడికి తీసుకపోండి. జొన్న కొనుక్కొచ్చి పిండి పట్టుడు కాదు, మన చెలకల్లోనే తినే జొన్న పండించుకునే దారి చూడాలె.

మూడు. సద్దుల బతుకమ్మ నాడు మనం రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి పంచుకుంటం. ఆ ఒక్కనాడు జొన్న, సజ్జ గుర్తుకొస్తయి. వారానికి రెండు మూడు పూటలన్నా గుర్తుకు రావాలె. ఇది అమ్మకానికంటే ముందు మన ఇంటి కంచంలో జరగాలె. మా పది ఇండ్లల్లో మొదలుపెట్టినం.

అక్కలారా, గింజ తన పైపొరను తన ప్రాణం కాపాడుకునేందుకు కట్టుకున్నది. దాన్ని తీసేసి అమ్మినం, లేని బలం చెప్పి అమ్మినం. రెండూ తప్పే. ఉన్నదాన్ని ఉంచాలె, ఉన్నంతనే చెప్పాలె. సంఘం పేరు మీద మనకు లోను వస్తది, సరుకు అమ్ముడు పోతది, ఎందుకంటే "సంఘపోళ్లు చెప్పిండ్రు" అంటే జనం నమ్ముతరు. ఆ నమ్మకమే మన అసలు పొదుపు. దాన్ని ఖర్చు చేసుకోవద్దు.

 బయట మా స్టాల్ ఉన్నది, రొట్టె వేడిగున్నది. తిని, రంగు చూసి, నచ్చితేనే కొనండి.